నొప్పి లేని గడ్డ... నిర్లక్ష్యం వద్దు!

కొవ్వు గడ్డేలే అనుకుంటాం. బోదకాలేమోనని సరిపెట్టుకుంటాం. కోతలయ్యాక చూద్దాంలే అని వాయిదా వేస్తాం. నూటికి తొంభైతొమ్మిదిసార్లు అలా వాయిదా వేసినా ఏమీ కాదు. మిగిలిన ఆ ఒక్కసారి మాత్రం కాలో, చెయ్యో, ఒక్కోసారి ప్రాణమో మూల్యంగా చెల్లించాల్సి వస్తుంది. కండలో, కొవ్వులో, నరంలో, ఎముకలో పుట్టే ఆ అరుదైన క్యాన్సర్ పేరు... సార్కోమా.

గడ్డల్ని మనవాళ్లు కాయలతో కొలుస్తారు. మొదట కుంకుడుగింజంత ఉంటుంది. తర్వాత రేగుపండంత. ఇంకొన్నాళ్లకు ఉసిరికాయంత. ఆ తర్వాత నిమ్మకాయంత. కృష్ణా డెల్టాలో ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా సరే, చేతిమీదో వీపుమీదో గడ్డ ఉన్న పెద్దాయన ఒకరు కనిపిస్తారు. 'ఎప్పట్నుంచి ఉంది బాబాయ్?' అంటే, 'ఏమో అబ్బాయ్, పదేళ్లయింది. నొప్పా పాడా... దాని మానాన అది ఉంది' అంటాడు. ఆయన మాట చాలావరకూ నిజమే. ఏళ్ల తరబడి ఉన్నచోటే ఉండి, వేలితో నొక్కితే చర్మం కింద మెత్తగా జారిపోయే గడ్డ దాదాపుగా కొవ్వు గడ్డే. దానివల్ల ప్రమాదం లేదు.

చిక్కల్లా ఇంకోరకం గడ్డతోనే. అదీ నొప్పి పెట్టదు. జ్వరం తేదు. ఆకలి చంపదు. మనిషి పొలం వెళుతూనే ఉంటాడు, సైకిలు తొక్కుతూనే ఉంటాడు. కానీ దాళ్వా నాట్లప్పుడు ఉసిరికాయంత ఉన్నది కోతల నాటికి జామకాయంత అవుతుంది. అదీ తొడ లోపల, కండ పొరల కింద. పైకి కనిపించేది కొంచెమే. నొప్పి ఉంటే ఏనాడో ఆసుపత్రికి పరిగెత్తేవాడు. నొప్పి లేకపోవడమే ఇక్కడ శత్రువు.

ఇంతకీ ఏమిటిది?

క్యాన్సర్ అనగానే మనకు గుర్తొచ్చేవి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఊపిరితిత్తులు, పొట్ట. ఇవన్నీ ప్రధానంగా అవయవాల లోపలి పొరల్లోనో గ్రంథుల్లోనో మొదలయ్యే క్యాన్సర్లు. ఆ అవయవాలన్నిటినీ పట్టి ఉంచే సరంజామా ఇంకొకటి ఉంది. కండరాలు, కొవ్వు, నరాలు, రక్తనాళాలు, కీళ్ల చుట్టూ ఉండే పొరలు, కండరాన్ని ఎముకకు బిగించే తాళ్లలాంటి స్నాయువులు, ఎముక, మృదులాస్థి... ఇల్లు అనుకుంటే ఇవన్నీ దూలాలు, వాసాలు, తాళ్లు. బడి పుస్తకాల్లో వీటిలో చాలావాటిని సంయోజక కణజాలం అని చదువుకున్నాం. వీటిలో పుట్టే క్యాన్సరే సార్కోమా. గ్రీకు భాషలో 'సార్క్స్' అంటే మాంసం. పేరు అక్కణ్నుంచే వచ్చింది.

ఇది ఒక్క జబ్బు కాదు. పుట్టిన కణాన్ని బట్టి డెబ్భైకి పైగా రకాలున్నాయి. కొవ్వులో పుడితే లైపోసార్కోమా. పేగులు, గర్భసంచి గోడల్లోని కండరాల్లో పుడితే లియోమయోసార్కోమా. రక్తనాళాల్లో పుడితే ఆంజియోసార్కోమా. ఎముకలో పుడితే ఆస్టియోసార్కోమా. ఇన్ని రకాలున్నా అన్నీ కలిపి పెద్దవాళ్ల క్యాన్సర్లలో నూటికి ఒకటి మాత్రమే. పిల్లల్లో ఈ వాటా ఎక్కువ. మెత్తటి కణజాలంలో వచ్చేవాటికి ఎముకల్లో వచ్చేవి కూడా కలిపితే పిల్లల క్యాన్సర్లలో నూటికి పదికి పైగా ఇవే.

అరుదు కావడమే దీనికి పెద్ద శాపం. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర్నుంచి పట్నంలో సర్జన్ వరకూ చాలామంది తమ జీవితకాలంలో ఇలాంటి కేసులు ఒకటో రెండో చూస్తారు. రోజూ చూసేవి కొవ్వు గడ్డలు, సెగ్గడ్డలు. అందుకే ఇదీ అదేలే అనుకోవడం సహజం. 2019 జనవరిలో అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ చికిత్సకు అమెరికా వెళ్లినప్పుడు, ఆయనకు కాలిలో మెత్తటి కణజాలపు క్యాన్సర్ వచ్చిందని పత్రికల్లో వార్తలొచ్చాయి. అదే ఏడాది ఆగస్టు 24న ఆయన కన్నుమూశారు. ఇలాంటి క్యాన్సర్ ఒకటుందని మామూలు జనానికి తెలిసేది అలాంటి సందర్భాల్లోనే.

నిమ్మకాయ దాటిందా?

అయితే ఒంటిమీద గడ్డ ఉన్న ప్రతివాళ్లూ బెంబేలెత్తాల్సిన పనిలేదు. ఒక్క సార్కోమాకు కనీసం వంద మామూలు గడ్డలుంటాయి. వాటిలోంచి దీన్ని వేరుచేయడానికి వైద్యులు చూసేవి నాలుగు విషయాలు.

ఒకటి, సైజు. అయిదు సెంటీమీటర్లు దాటిన గడ్డ, అంటే పెద్ద నిమ్మకాయంత ఉన్నది ఏదైనా సరే, తేలిగ్గా తీసుకోకూడదు. రెండు, ఎదుగుదల. నెలల్లోనే పెరుగుతోందంటే అనుమానించాల్సిందే. మూడు, లోతు. చర్మంతోపాటు జారకుండా కండను పట్టుకుని లోపల గట్టిగా తగులుతుంటే, కండ బిగించినప్పుడు కదలకపోతే జాగ్రత్తపడాలి. నాలుగు, మళ్లీ రావడం. ఒకసారి కోసి తీసేసిన చోటే మళ్లీ గడ్డ లేచిందంటే రెండో ఆలోచన లేకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

నొప్పి గురించి ఒక మాట. నొప్పి ఉంటే ప్రమాదం, లేకపోతే క్షేమం అన్నది మన లెక్క. ఇక్కడ ఆ లెక్క చెల్లదు. గడ్డ పెరిగి నరాన్ని ఒత్తితే తప్ప నొప్పి రాదు. అప్పటికి చాలా ఆలస్యం జరిగిపోయి ఉంటుంది.

సగానికి పైగా చేతుల్లో, కాళ్లలో వస్తాయి. అన్నిటికంటే ఎక్కువగా తొడలో. పొట్ట వెనక భాగంలోనూ వస్తాయి. అక్కడ బోలెడంత ఖాళీ ఉంటుంది కాబట్టి పుచ్చకాయంత అయ్యేవరకూ తెలియకపోవచ్చు. పొట్ట ఎత్తుగా ఉంది, పంచె బిగుతైంది, కాస్త తినగానే కడుపు నిండిపోతోంది అంటే 'ఒళ్లు చేశావోయ్' అని నవ్వేస్తాం. కాళ్లూ చేతులూ సన్నబడుతూ పొట్ట ఒక్కటే పెరుగుతుంటే మాత్రం అది ఒళ్లు చేయడం కాదు.

బోదకాలు అనుకుంటే...

డెల్టాలో ఇంకో గొడవ ఉంది. కాలు వాచిందంటే ఇక్కడ మొదట వచ్చే మాట బోదకాలు. మురుగు కాలువలు, దోమలు, తరాలుగా ఫైలేరియా చూసిన ప్రాంతం. తాతకో నాయనమ్మకో ఆ కాలు ఉన్న ఇళ్లకు లెక్కే లేదు. అందుకే తొడలో గడ్డ పెరిగి, లోపలి రక్తనాళాలను నొక్కి, కాలంతా ఉబ్బినా 'మన ఇంటి జబ్బేలే' అని మాత్రలు మింగుతూ కూర్చునే ప్రమాదముంది.

తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. బోదకాలు వాపు సాధారణంగా పాదం నుంచి పైకి పాకుతుంది. కాలంతా పరుచుకుని ఉంటుంది. మధ్యమధ్య చలి జ్వరం, గజ్జల్లో బిళ్ల కట్టడం ఉంటాయి. సార్కోమా అలా కాదు. ఒకచోట ముద్దలా తగులుతుంది. రెండు తొడలనూ పక్కపక్కనే పెట్టి చేత్తో తడిమి చూస్తే ఒకదాంట్లో ఉన్న గట్టిదనం రెండోదాంట్లో ఉండదు. పాదం మామూలుగా ఉండి తొడ ఒక్కటే లావెక్కితే అది బోదకాలని తీర్మానించుకోకూడదు.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. ఏళ్ల తరబడి వాపుతో ఉన్న చేతిలోనో కాలిలోనో చాలా అరుదుగా ఆంజియోసార్కోమా పుడుతుంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవాళ్లలో ఇలా రావడాన్ని 1948లో న్యూయార్క్ వైద్యులు స్టీవర్ట్, ట్రీవ్స్ మొదటిసారి గుర్తించారు. అందుకే ఆ జబ్బుకు వాళ్ల పేరే పెట్టారు. పాత బోదకాలిలోనూ ఎక్కడో ఒకరికి కనిపించింది. వాచిన కాలిమీద ఊదారంగు మచ్చలు, కందినట్టుండే బుడిపెలు, మానని పుండు కనిపిస్తే దోమకాటని గోకి వదిలేయకూడదు.

తొలి కత్తే కీలకం

సార్కోమా కథలో అసలు మలుపు ఇక్కడే ఉంది. చాలా క్యాన్సర్లలో నష్టం ఆలస్యం వల్ల జరుగుతుంది. దీంట్లో తొందర వల్ల కూడా జరుగుతుంది.

ఒక రైతు తొడలో గడ్డ పెరిగిందనుకుందాం. దగ్గర్లో ఉన్న చిన్న నర్సింగ్ హోంకు వెళ్తాడు. 'కొవ్వు గడ్డే, అరగంటలో తీసేస్తాం, సాయంత్రం ఇంటికెళ్లొచ్చు' అంటారు. స్కానింగ్ ఉండదు, ముక్క పరీక్ష ఉండదు. మత్తుసూది వేసి, గడ్డను గింజలా పిండి తీసేస్తారు. తీసిన గడ్డను పరీక్షకు పంపకుండా బయట పారేస్తే ఇక ఆధారమే ఉండదు. ఆరు నెలలకు అదే చోట ఇంకో గడ్డ. ఈసారి పెద్దది.

ఎందుకిలా? సార్కోమా చుట్టూ ఒక సంచిలాంటి పొర ఉన్నట్టు కనిపిస్తుంది. కోసేవాళ్లు దాన్ని చూసి హమ్మయ్య, గడ్డ మొత్తం ఊడివచ్చిందనుకుంటారు. కానీ ఆ పొర గడ్డ ఒత్తిడికి నలిగిన మాంసమే. దాంట్లోనూ, దాని అవతలా క్యాన్సర్ కణాలుంటాయి. పొర వెంబడి కోశారంటే కలుపు మొక్కను వేరు వదిలేసి పైకి తుంచినట్టే. పైగా కత్తి తిరిగిన చోటల్లా, రక్తం చిమ్మిన చోటల్లా ఆ కణాలు చేరతాయి. తర్వాత వచ్చే క్యాన్సర్ సర్జన్ ఆ మేరంతా తీయాల్సి వస్తుంది. మొదటిసారే సరిగా చేసి ఉంటే కాలు నిలిచేది కాస్తా, రెండోసారికి కాలే తీయాల్సిన పరిస్థితి రావచ్చు.

సరైన ఆపరేషన్‌లో గడ్డను చూడనే చూడరు. దాని చుట్టూ కొంత మంచి కండను కూడా కలుపుకుని, నారింజపండు తొక్క కూడా కనపడకుండా పైన ఇంకో పొరతో కలిపి తీసినట్టు, మొత్తం ఒకే ముద్దగా బయటికి తీస్తారు.

పసరు కట్లు, మర్దనలు, వాతలు పెట్టడం కూడా ఈ కోవలోకే వస్తాయి. దెబ్బ తగిలి బెణికిందనుకుని గడ్డను గట్టిగా రుద్దించుకోవడం చాలా ఊళ్లలో ఉంది. దెబ్బవల్ల సార్కోమా రాదు. అప్పటికే ఉన్న గడ్డ దెబ్బ తగిలినప్పుడు కంటబడుతుంది, అంతే. కానీ దెబ్బే కారణమనుకుని కట్టు మీద కట్టు కట్టించుకుంటూ నెలలు గడిపేస్తే ఆ కాలం తిరిగిరాదు.

సూది పడితే పాకుతుందా?

'క్యాన్సర్ గడ్డను గెలకకూడదు. సూది గుచ్చితే ఒళ్లంతా పాకుతుంది.' ఈ మాట వినని ఇల్లుండదు. ఈ భయంతోనే ముక్క పరీక్షకు ఒప్పుకోకుండా వెళ్లిపోయేవాళ్లున్నారు. నిజానికి పాకేది తప్పుడు కోతతో, పద్ధతిగా గుచ్చిన సూదితో కాదు.

వరస ఇలా ఉంటుంది. ముందు ఎమ్మారై స్కానింగ్. గడ్డ ఎంత లోతుంది, నరానికి రక్తనాళానికి ఎంత దూరంలో ఉంది అన్నది దీంట్లో తెలుస్తుంది. తర్వాతే సూదితో ముక్క తీయడం. మామూలు ఇంజెక్షన్ సూది కాదు, కాస్త లావుగా ఉండే ప్రత్యేకమైన సూది. సన్నని పుల్లల్లాంటి ముక్కలు నాలుగైదు తీస్తారు. ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేయబోయే సర్జనే నిర్ణయించాలి. ఎందుకంటే సూది వెళ్లిన దారిని కూడా తర్వాత గడ్డతోపాటే తీసేస్తారు. ఇక అక్కడ కణాలు మిగిలే ప్రశ్నే లేదు.

స్కానింగ్ ముందు, ముక్క తర్వాత, కత్తి చివర. ఈ క్రమం తలకిందులైతేనే ప్రమాదం.

ఆ ముక్కను చదవడం కూడా ఆషామాషీ కాదు. డెబ్భై రకాల్లో ఏ రకమో, ఎంత దూకుడుగా పెరిగేదో తేల్చాలి. అందుకే ఒక ల్యాబ్ రిపోర్టు మీద అనుమానముంటే అదే ముక్కను క్యాన్సర్ ఆసుపత్రిలో రెండోసారి చూపించుకోవడం తప్పు కాదు, అవసరం. గాజు పలకలు, మైనం దిమ్మలు ఇవ్వమని అడిగే హక్కు రోగికి ఉంది. చివరగా ఛాతీకి సీటీ స్కాన్ తీస్తారు. సార్కోమా రక్తం ద్వారా పాకుతుంది. మొదట చేరేది ఎక్కువగా ఊపిరితిత్తులకే.

కాలు నిలబెట్టిన పరిశోధన

ఒకప్పుడు చేతిలోనో కాలిలోనో సార్కోమా అంటే ఆ అవయవాన్ని తీసేయడమే వైద్యం. ఈ పద్ధతిని మార్చింది అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో 1975 నుంచి 1981 వరకూ జరిగిన ఒక పరిశోధన. 43 మందిని తీసుకున్నారు. కొందరికి కాలో చెయ్యో తీసేశారు. మిగిలినవాళ్లకు గడ్డను మాత్రమే తీసి, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. రెండు జట్లలోనూ బతికినవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే కాలు తీసినంత మాత్రాన ప్రాణం ఎక్కువగా దక్కలేదన్నమాట! 1982లో ఈ ఫలితాలు వెలువడ్డాక లోకమంతా దారి మార్చుకుంది. ఇవాళ అనుభవమున్న ఆసుపత్రుల్లో పదిమందిలో తొమ్మిదిమందికి కాలు నిలుస్తోంది.

రేడియేషన్‌ను మన జనం 'కరెంటు పెట్టడం' అంటారు. అయిదారు వారాలపాటు, వారానికి అయిదు రోజులు, రోజుకు కొన్ని నిమిషాలు. కాలదు, నొప్పి ఉండదు. ఆపరేషన్‌కు ముందైనా ఇవ్వచ్చు, తర్వాతైనా ఇవ్వచ్చు. కొందరికి గడ్డ తీసిన చోటే సన్నని గొట్టాలు అమర్చి లోపల్నుంచే రేడియేషన్ ఇస్తారు. దాన్ని బ్రాకీథెరపీ అంటారు. ఈ విద్యలో ప్రపంచం గుర్తించిన పేరు మన కృష్ణా జిల్లా మంటాడలో పుట్టిన డాక్టర్ నోరి దత్తాత్రేయుడు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ సెంటర్‌లో పనిచేశారు. 2015లో పద్మశ్రీ అందుకున్నారు.

మనవాళ్ల చేతి మందు

ఈ క్యాన్సర్ చికిత్సలో తెలుగువాళ్ల పాత్ర అక్కడితో ఆగలేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు తెలియనిదెవరికి? అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ తర్వాత దానికి విరుగుడుగా పనిచేసే మందులను రూపొందించింది. వాటితోనే 1947-48లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో మొదటిసారి ఉపశమనం సాధించాడు. సుబ్బారావు 1948లోనే కన్నుమూశారు. కానీ ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ అనే మందు ఆయన తర్వాత పాతికేళ్లకు ఇంకో యుద్ధంలో దిగింది.

పది నుంచి ఇరవై ఏళ్ల మధ్య పిల్లల్లో, ముఖ్యంగా మోకాలి దగ్గర వచ్చే ఎముక సార్కోమాకు అప్పట్లో కాలు తీసేసినా అయిదుగురిలో ఒక్కరే బతికేవారు. 1970ల్లో మెథోట్రెక్సేట్‌ను చాలా పెద్ద మోతాదులో ఇచ్చి, వెంటనే విరుగుడు ఇచ్చే పద్ధతి మొదలైంది. 1973లో పన్నెండేళ్ల వయసులో ఈ ఎముక క్యాన్సర్‌తో కాలు పోగొట్టుకున్న అమెరికా సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ కొడుక్కి ఇచ్చిన వైద్యం ఇదే. అతను బతికాడు, పెద్దయి రాష్ట్ర సెనేటర్ కూడా అయ్యాడు. ఇప్పుడు పాకకముందే దొరికితే ఈ పిల్లల్లో మూడింట రెండొంతుల మంది బతుకుతున్నారు. చాలామందికి కాలు కూడా తీయడం లేదు. పాడైన ఎముక తీసి లోహపు ఎముక అమరుస్తున్నారు.

ఇంకో ముచ్చట పేగుల్లో వచ్చే 'జిస్ట్' అనే సార్కోమాది. 2000 సంవత్సరం వరకూ దీనికి మందే లేదు. ఆ ఏడాది ఫిన్లాండ్‌లో ఒక రోగికి రక్తక్యాన్సర్ మాత్ర ఇమాటినిబ్ ఇచ్చి చూస్తే గడ్డలు కరిగిపోవడం మొదలుపెట్టాయి. బంగారంలాంటి మందు... ధర కూడా అలాంటిదే. అసలు కంపెనీ మాత్రలకు నెలకు లక్షా ఇరవై వేల రూపాయలదాకా అయ్యేది. గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన నన్నపనేని వెంకయ్య చౌదరి హైదరాబాద్‌లో స్థాపించిన నాట్కోతోపాటు మన దేశంలోని మరికొన్ని కంపెనీలు అదే మందును పదివేల లోపు అందించాయి. పేటెంట్ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013 ఏప్రిల్ 1న కోర్టు విదేశీ కంపెనీకి పేటెంట్ నిరాకరించింది. ఆ తీర్పుతో మామూలు కుటుంబాలకు మాత్ర అందుబాటులోనే ఉండిపోయింది.

మిగతా సార్కోమాల్లో ఎక్కువగా వాడే కీమో మందు డాక్సోరుబిసిన్. సెలైన్‌లో ఎర్రగా దిగుతుంది కాబట్టి రోగులు 'ఎర్ర మందు' అంటారు. ఇటలీ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారు దీన్ని. కొత్త దారులూ తెరుచుకుంటున్నాయి. రోగి సొంత రక్తకణాలకే క్యాన్సర్‌ను గుర్తించడం నేర్పి తిరిగి ఎక్కించే చికిత్సకు సైనోవియల్ సార్కోమా అనే రకంలో 2024 ఆగస్టులో అమెరికా అనుమతిచ్చింది.

కలుపుమందు పాపమా?

'ఎందుకొచ్చింది డాక్టరుగారూ?' ప్రతి కుటుంబం అడిగే మొదటి ప్రశ్న. ఎక్కువమందిలో ప్రత్యేక కారణమంటూ కనిపించదు. పొగాకు, మందు, తిండి... వీటితో దీనికి నేరుగా సంబంధం కనిపించలేదు. కొన్ని కుటుంబాల్లో జన్యులోపం ఉంటుంది. తండ్రికి ఒక క్యాన్సర్, మేనత్తకు చిన్నవయసులో రొమ్ము క్యాన్సర్, పిల్లాడికి సార్కోమా... ఇలాంటి కుటుంబాలను 1969లో లీ, ఫ్రామెనీ అనే వైద్యులు గుర్తించారు. ఒంటినిండా మెత్తటి బుడిపెలు, కాఫీరంగు మచ్చలు ఉండే న్యూరోఫైబ్రొమటోసిస్ ఉన్నవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి ఏదో ఒక దశలో నరాల సార్కోమా రావచ్చు. వాళ్లు ఏ బుడిపె హఠాత్తుగా పెరిగినా, నొప్పి మొదలైనా వెంటనే చూపించుకోవాలి. ఎప్పుడో రేడియేషన్ ఇచ్చిన చోట ఏళ్ల తర్వాత రావడమూ అరుదుగా జరుగుతుంది.

వరి పండించే డెల్టాకు సంబంధించిన ప్రశ్న ఇంకొకటుంది. చేలో వెడల్పాకు కలుపును చంపడానికి రైతులు వాడే 2,4-డి. వియత్నాం యుద్ధంలో అమెరికా అడవులమీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో సగం ఇదే. మిగతా సగం 2,4,5-టి, దాంతోపాటు కలుషితంగా వచ్చిన డయాక్సిన్. అక్కడ పనిచేసిన సైనికులకు సార్కోమా వస్తే అమెరికా ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. స్వీడన్‌లో 1979లో వచ్చిన ఒక అధ్యయనం ఈ తరహా కలుపుమందులకూ సార్కోమాకూ సంబంధం ఉందంది. తర్వాతి అధ్యయనాల్లో కొన్ని అవునన్నాయి, కొన్ని కాదన్నాయి. 2,4-డి 'క్యాన్సర్ కలిగించే అవకాశమున్న' పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో చెప్పింది. అంటే అనుమానముంది, రుజువు బలంగా లేదు. దీనర్థం వ్యవసాయం మానేయమని కాదు. ఉత్తి చేతులతో మందు కలపడం, గాలికి ఎదురుగా కొట్టడం, తడిసిన లుంగీతోనే అన్నానికి కూర్చోవడం మానాలి.

కోడి చెప్పిన రహస్యం

1909లో న్యూయార్క్‌లో ఒక రైతు రొమ్ముమీద గడ్డ ఉన్న కోడిని చంకలో పెట్టుకుని పేటన్ రౌస్ అనే శాస్త్రవేత్త దగ్గరకు వచ్చాడు. అది సార్కోమా. గడ్డను నూరి, సన్నని వడపోతలో వడగట్టి, ఆ నీటిని ఇంకో కోడికి ఎక్కిస్తే దానికీ గడ్డ వచ్చింది. క్యాన్సర్ కలిగించే వైరస్‌ను కనుక్కున్నాడన్నమాట. 1911లో ప్రకటిస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1966లో, ఎనభయ్యేడేళ్ల వయసులో నోబెల్ ఇచ్చారు! ఆ వైరస్‌లోని జన్యువు మామూలు కణాల్లోనూ ఉంటుందని తర్వాత బిషప్, వార్మస్ తేల్చారు. 1989లో వాళ్లకూ నోబెల్ వచ్చింది. క్యాన్సర్ బయట్నుంచి వచ్చే శత్రువు కాదు, మన కణంలోని మీటే చెడిపోవడం అన్న అవగాహనకు పునాది ఆ కోడి. చికెన్ తింటే క్యాన్సర్ వస్తుందని మాత్రం భయపడక్కర్లేదు. ఆ వైరస్ మనుషులకు సోకదు.

ఎక్కడికి వెళ్లాలి?

గుడివాడ నుంచో, అవనిగడ్డ నుంచో, కైకలూరు నుంచో బస్సెక్కి బెజవాడలో దిగితే సూర్యారావుపేట, గవర్నర్‌పేట వీధుల్లో అడుగడుగునా ఆసుపత్రులే. ఎవరి దగ్గరకు వెళ్లాలన్నదే సమస్య. సార్కోమా అనుమానమున్నప్పుడు ఒక్క డాక్టరు సరిపోరు. క్యాన్సర్ సర్జన్, రేడియేషన్ వైద్యులు, కీమో వైద్యులు, ముక్కను చదివే నిపుణులు, స్కానింగ్ నిపుణులు కలిసి కూర్చుని నిర్ణయించే చోటు కావాలి.

విజయవాడలో ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉంది. నది దాటితే మంగళగిరి ఎయిమ్స్ ఉంది. గుంటూరు సర్వజనాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సంస్థ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. హైదరాబాద్‌లో 1955 నుంచీ పనిచేస్తున్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, 2000లో మొదలైన బసవతారకం ఆసుపత్రి ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలున్నాయి. ఆసుపత్రిలో చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి తమ కేసు పథకంలోకి వస్తుందో లేదో అడిగి తెలుసుకోవడం మంచిది.

డాక్టరును అడగాల్సిన ప్రశ్నలు మూడే. 'ఎమ్మారై తీయించాలా?' 'కోసేముందు ముక్క పరీక్ష చేస్తారా?' 'మీరు ఇలాంటివి ఎన్ని చేశారు?' ఇవి అడిగితే డాక్టరుగారికి కోపమొస్తుందేమోనని మొహమాటపడొద్దు. మంచి డాక్టర్లెవరూ కోప్పడరు.

తర్వాత...

ఆపరేషన్ అయ్యాక కథ ముగియదు. మొదటి రెండు మూడేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి ఛాతీ పరీక్ష, గడ్డ తీసిన చోట పరీక్ష తప్పవు. 'బాగానే ఉన్నాను కదా, బస్సు ఖర్చులు దండగ' అని మానేసేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. ఊపిరితిత్తిలో ఒకటి రెండు మచ్చలు తొందరగా కనిపిస్తే వాటినీ ఆపరేషన్‌తో తీసే వీలుంటుంది. పుట్టినచోటే ఉండగా దొరికితే అయిదేళ్లు దాటి బతికేవాళ్లు అమెరికా లెక్కల ప్రకారం నూటికి సుమారు ఎనభైమంది. దూరంగా పాకాక దొరికితే ఇరవైమందికి మించరు. ఆ ఎనభైకీ ఈ ఇరవైకీ మధ్య ఉన్న తేడాలో చాలాభాగం మన వాయిదాలదే.

కాలు తీయక తప్పని వాళ్లూ కొందరుంటారు. వాళ్లకు ధైర్యం చెప్పాలంటే కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్ గురించి చెప్పాలి. ఎముక సార్కోమాతో 1977లో కాలు పోయింది. 1980లో కృత్రిమ కాలితో, క్యాన్సర్ పరిశోధనకు విరాళాల కోసం దేశమంతా పరిగెత్తడానికి బయల్దేరాడు. 143 రోజులు పరిగెత్తాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిపోయాడు. మరుసటి ఏడాది ఇరవై రెండేళ్లకే వెళ్లిపోయాడు. ఆ పరుగును ఇప్పటికీ ఎన్నో దేశాల్లో జనం ఏటా కొనసాగిస్తున్నారు. ఇక మన దగ్గర జైపూర్ పాదంతో పొలం పనులు చేసుకుంటున్నవాళ్లు, సైకిలు తొక్కుతున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

గుర్తుంచుకోండి

• నిమ్మకాయను మించిన గడ్డ, పెరుగుతున్న గడ్డ, కండలో లోతుగా ఉన్న గడ్డ, తీసిన చోటే మళ్లీ లేచిన గడ్డ... నొప్పి ఉన్నా లేకపోయినా చూపించుకోవాలి.

• పిల్లలకు మోకాలి దగ్గర రాత్రిళ్లు నొప్పి, వాపు రెండు మూడు వారాలు దాటి ఉంటే 'ఎదిగే వయసు' అని ఊరుకోకుండా ఎక్స్‌రే తీయించాలి. కన్ను ఉబుకుతున్నా ఆలస్యం చేయొద్దు.

• గడ్డను రుద్దించొద్దు. పసరు కట్లు, వాతలు వద్దు.

• ముందు స్కానింగ్, తర్వాత ముక్క పరీక్ష, చివరికే ఆపరేషన్.

• ఏ గడ్డ తీయించుకున్నా, ఎంత చిన్నదైనా, దాన్ని పరీక్షకు పంపమని పట్టుబట్టండి. రిపోర్టు కాగితం భద్రంగా దాచుకోండి.

స్నానం చేసేటప్పుడు ఒళ్లు రుద్దుకుంటాం కదా... వారానికోసారి అదే చేత్తో తొడలు, పిక్కలు, భుజాలు రెండువైపులా తడిమి చూసుకోండి. వీపు చూడమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. దానికి రెండు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు.